భారత భూభాగంలో అగ్నిపర్వతాలు: మండుతున్నది ఒకటి, చల్లారినవి ఎన్నో

భారతదేశంలోని అగ్నిపర్వతాల గురించి పాఠ్యపుస్తకాల్లోనూ పోటీ పరీక్షల గైడ్లలోనూ కనిపించే సమాచారం సాధారణంగా మూడు నాలుగు వాక్యాలతో ముగిసిపోతుంది. బారెన్ దీవి క్రియాశీల అగ్నిపర్వతం, నార్కొండాం నిద్రాణ అగ్నిపర్వతం, దక్కన్ ట్రాప్స్ (దక్కన్ లావా పీఠభూమి) విలుప్తం, బారాటాంగ్‌లో ఉన్నది బురద అగ్నిపర్వతం అని చెప్పి, వాటి పక్కన గుజరాత్‌లోని ధినోధర్ కొండనూ హర్యానాలోని తోషాం కొండనూ చేర్చి పట్టిక పూర్తి చేస్తారు. ఒక్కో మాటను విడిగా చూస్తే ఇందులో తప్పులు తక్కువే. అయితే పక్కపక్కన నిలబెట్టిన ఈ స్థలాలు ఒకే కోవకు చెందినవి కావు. వాటిలో కొన్నింటి వయసుల మధ్య డెబ్బై కోట్ల ఏళ్లకు పైగా అంతరం ఉంది, అవి పుట్టిన కారణాలు వేరు, ఒకదానికైతే కరిగిన రాయితో సంబంధమే లేదు. ఒక అగ్నిపర్వతం బతికి ఉందా లేదా అనేది అది చివరిసారి ఎప్పుడు రగిలిందన్న లెక్కతో మాత్రమే తేలదు. దాని అడుగున రాయిని కరిగించిన కారణం ఇప్పటికీ పనిచేస్తోందా అని అడిగినప్పుడే తేలుతుంది. భారత భూభాగాన్ని ఈ ప్రశ్నతో పరిశీలిస్తే పట్టికలో కనబడని క్రమం ఒకటి బయటపడుతుంది.

భూపటలం కింద ఎక్కడ చూసినా లావా సముద్రంలా పరచుకుని ఉంటుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవానికి భూపటలం కింద ఉన్న మాంటిల్ పొర దాదాపు మొత్తం ఘనపదార్థమే. అక్కడి వేడి ఎంత తీవ్రంగా ఉన్నా, పైనున్న రాతి బరువు వల్ల కలిగే ఒత్తిడి ఆ రాయిని కరగనివ్వదు. అది కరగాలంటే సాధారణంగా రెండు దారులున్నాయి. మొదటిది, వేడి రాయి పైకి ఎగదన్నుకుంటూ వచ్చి ఒత్తిడి తగ్గిన చోట కరగడం. రెండోది, రాయిలోకి నీరు చేరి దాని ద్రవీభవన స్థానం పడిపోవడం. సముద్రపు నేల మరో భూఫలకం కిందికి దూరుతున్న చోట, ఆ నేలలోని ఖనిజాల్లో బందీగా ఉన్న నీరు లోతుకు వెళ్లాక విడుదలై, పైనున్న మాంటిల్‌లోకి చేరి దానిని కరిగిస్తుంది. అండమాన్ సముద్రంలో ఈనాడు జరుగుతున్నది ఈ రెండో రకం. దక్కన్‌లో ఒకప్పుడు జరిగింది మొదటి రకం. భారతదేశపు అగ్నిపర్వత చరిత్రలో చాలా భాగం ఈ రెండింటి మధ్య తేడాలోనే ఉంది.

అండమాన్, నికోబార్ ద్వీపసమూహమంతా అగ్నిపర్వతాల వల్ల పుట్టిందని అనుకోవడం మరో పొరపాటు. శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్) ఉన్న దక్షిణ అండమాన్‌తో సహా ప్రధాన దీవులు ప్రధానంగా సముద్రగర్భపు అవక్షేపాలూ పాత సముద్రపు నేల ముక్కలూ నలిగి, మడతలు పడి, పైకి లేచి ఏర్పడినవి. వాటికి పశ్చిమాన ఉన్న లోతైన అగాధం దగ్గర భారత ఫలకం తూర్పు దిశగా బర్మా సూక్ష్మఫలకం కిందికి దిగుతోంది. అలా దిగిన ఫలకం తగినంత లోతుకు చేరి నీటిని వదిలే చోటు, అగాధానికి తూర్పున, దీవులన్నీ దాటిన తర్వాత వస్తుంది. అందుకే అసలైన అగ్నిపర్వతాలు ప్రధాన దీవుల వరుసలో లేవు, అండమాన్ సముద్రంలో విడిగా నిలిచి ఉన్నాయి. ఇండొనేషియాలోని సుమత్రా నుంచి బయలుదేరిన అగ్నిపర్వతాల చాపం బారెన్, నార్కొండాం దీవుల మీదుగా మయన్మార్‌లోని పోపా పర్వతం వైపు సాగుతుంది. సుమత్రాకూ మయన్మార్‌కూ మధ్య ఉన్న ఈ భాగంలో, మనిషి నమోదు చేసిన కాలంలో విస్ఫోటనం చెందిన అగ్నిపర్వతం బారెన్ ఒక్కటే.

శ్రీ విజయపురానికి ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ నిర్జన ద్వీపం అడ్డంగా 3 కిలోమీటర్లకు మించదు. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు సుమారు 350 మీటర్లే అయినా, దాని పాదం 2 కిలోమీటర్లకు పైగా లోతున సముద్రగర్భంలో ఉంది. కనుక ఓడ మీది నుంచి కంటికి కనిపించేది ఒక పెద్ద పర్వతపు కొన మాత్రమే. ఆ కొనకు కూడా గతంలో పెద్ద దెబ్బ తగిలింది. వేల ఏళ్ల కిందట, ప్లైస్టోసీన్ యుగం చివరి భాగంలో జరిగిన ఒక భారీ విస్ఫోటనంలో శిఖరం కూలి, దాదాపు 2 కిలోమీటర్ల వెడల్పైన కాల్డెరా (గిన్నెలాంటి పెద్ద గుంట) ఏర్పడింది. 250 నుంచి 350 మీటర్ల ఎత్తున్న గోడలు దాని చుట్టూ నిలబడ్డాయి, పడమటి వైపు మాత్రం అది సముద్రానికి తెరుచుకుని ఉంది. ఆ గిన్నె నడుమ తర్వాతి విస్ఫోటనాలు బూడిదతో, లావా ముక్కలతో కొత్త శంకువును కట్టాయి. ఇప్పుడు వెలువడే లావా కాల్డెరా నేలను నింపుకుంటూ, పడమటి సందు గుండా సముద్రంలోకి జారుతుంది. అండమాన్ సముద్రపు అవక్షేపాల నుంచి తీసిన నమూనాల్లో ఈ అగ్నిపర్వతపు బూడిద పొరలు సుమారు 70 వేల ఏళ్ల వెనకటి వరకూ కనిపించాయంటే, దీని చురుకుదనం ఇటీవలి ముచ్చట కాదని అర్థమవుతుంది.

బారెన్ దీవి విస్ఫోటనం మొదటిసారిగా లిఖితపూర్వకంగా నమోదైంది 1787లో. ఆ తర్వాత 1789, 1795, 1803-04 సంవత్సరాల్లో అటుగా వెళ్లిన నావికులూ సర్వేయర్లూ పొగనూ నిప్పునూ చూసి రాశారు. 1832 తర్వాత మాత్రం చెప్పుకోదగిన విస్ఫోటనమేదీ ఖాయంగా నమోదు కాలేదు. 19వ శతాబ్దంలో దీవిలో దిగినవారు పడమటి ఒడ్డున ఉన్న వేడినీటి ఊట ఉష్ణోగ్రతను కొలిచి రాస్తూ వచ్చారు. మొదట మరిగే స్థితికి దగ్గరగా ఉన్న ఆ నీరు దశాబ్దాలు గడిచేకొద్దీ చల్లబడింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన ఎఫ్.ఆర్. మాలెట్ బారెన్, నార్కొండాం దీవుల మీద 1885లో ప్రచురించిన వివరమైన నివేదిక ఈ దశలోనే వచ్చింది. అందుబాటులో ఉన్న లక్షణాలన్నీ క్రమంగా చల్లారిపోతున్న అగ్నిపర్వతానివే. 20వ శతాబ్దం దాదాపు మొత్తం అలాగే గడిచింది. 1980లలో పట్టిక రాసేవారు బారెన్‌ను నిద్రాణ వర్గంలో వేసి ఉంటే ఎవరూ తప్పుపట్టగలిగేవారు కారు.

1991 మార్చి చివర్లో, సుమారు 160 ఏళ్ల మౌనం తర్వాత, అది మళ్లీ రగిలింది. ఆ విస్ఫోటనం అక్టోబరు దాకా సాగి, లావా సముద్రాన్ని చేరింది. 1994 డిసెంబరు నుంచి 1995 జూన్ వరకు మరొకటి వచ్చింది. 2005 మే 28న మొదలైన తదుపరి దశ విరామాలతో సంవత్సరాల తరబడి కొనసాగింది. 2017 జనవరిలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు పరిశోధన నౌక మీద సమీపంలో పనిచేస్తూ ఉండగా శంకువు బూడిద చిమ్మడం, చీకటి పడ్డాక ఎర్రటి లావా పైకి ఎగరడం కళ్లారా చూశారు. గత మూడున్నర దశాబ్దాల నడవడిని మాత్రమే చూస్తే ఇది దక్షిణాసియాలోకెల్లా చురుకైన అగ్నిపర్వతం. అంతకుముందు నూట అరవై ఏళ్లను మాత్రమే చూస్తే అదొక మౌన దీవి. ఈ రెండు కాలాల్లోనూ దాని అడుగున భారత ఫలకం దిగుతూనే ఉంది, నీరు మాంటిల్‌లోకి చేరుతూనే ఉంది. మారింది పైకి కనిపించే ప్రవర్తన ఒక్కటే.

2005 నాటి విస్ఫోటనం 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా-అండమాన్ మహా భూకంపం జరిగిన ఐదు నెలలకు మొదలైంది. 9.1 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపంలో సుమత్రా నుంచి అండమాన్ వరకు సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున ఫలకాల సరిహద్దు చీలింది కనుక, రెండింటికీ సంబంధం ఉందన్న వాదన సహజంగానే పుట్టింది. పెద్ద భూకంపాల తర్వాత శిలాద్రవపు గదుల మీద ఒత్తిడి మారి, అప్పటికే సిద్ధంగా ఉన్న అగ్నిపర్వతం త్వరపడవచ్చునన్నది శాస్త్రపరంగా ఆమోదయోగ్యమైన ఆలోచన. అయితే బారెన్ 1991లో, 1994లో అలాంటి మహా భూకంపమేదీ లేకుండానే మేల్కొంది. 2005లో కూడా దానికి బయటి ప్రోద్బలం అవసరమై ఉండకపోవచ్చు. ఈ రెండు సంఘటనలను కారణ-ఫలితాలుగా ఖాయం చేసి చెప్పడం తొందరపాటు అవుతుంది.

బారెన్‌కు ఉత్తరంగా వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, అదే చాపం మీద నార్కొండాం ఉంది. ఇది 710 మీటర్ల ఎత్తున దట్టమైన అడవితో కప్పబడిన కొండ. దాని పక్కలు నిటారుగా ఉంటాయి, వాటి మీద లోతైన వాగులు కోసుకుపోయాయి, శిఖరాన స్పష్టమైన బిలం మిగలలేదు. బారెన్ లావా ఎక్కువగా పలుచగా పారే బసాల్ట్ కాగా, నార్కొండాం శిలలు సిలికా ఎక్కువగా ఉన్న ఆండసైట్, డేసైట్ రకాలవి. అలాంటి ద్రవం చిక్కగా ఉండి దూరం పారలేక, బయటికి వచ్చిన చోటే గుమ్మటంలా పేరుకుంటుంది. దీవి ఆకృతికి కారణం అదే. అక్కడి శిలలకు కొలిచిన వయసులు లక్షల ఏళ్లలో ఉన్నాయి. మనుషుల జ్ఞాపకంలో గానీ రాతల్లో గానీ ఖాయమైన విస్ఫోటనం లేదు. ఇక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా కనిపించని నార్కొండాం హార్న్‌బిల్ పక్షి జనాభా అంతా ఈ చిన్న కొండ మీది పెద్ద చెట్ల మీదే ఆధారపడి ఉంది. ఒక పక్షి ప్రత్యేక జాతిగా రూపొంది, దాని సంతతి నిలదొక్కుకునేంత కాలం అడవి ఇక్కడ కొనసాగిందన్న విషయం, సమూలంగా కాల్చివేసే విస్ఫోటనం చాలా కాలంగా జరగలేదన్న భూవిజ్ఞానుల అంచనాకు అనుకూలంగానే ఉంది.

మరి నార్కొండాంను నిద్రాణం అనాలా, విలుప్తం అనాలా? ప్రపంచ అగ్నిపర్వతాల జాబితాలు సాధారణంగా గడచిన 11,700 ఏళ్ల హోలోసీన్ యుగాన్ని గీటురాయిగా తీసుకుంటాయి. ఆ కాలంలో రగిలినదాన్ని సజీవంగా పరిగణిస్తాయి. ఈ గీత గణన సౌకర్యం కోసం గీసుకున్నది, ప్రకృతి గీసినది కాదు. ఫలకాల సరిహద్దు మీద ఉన్న అగ్నిపర్వతం పదుల వేల ఏళ్లు ఊరుకుని తిరిగి రగలడం ప్రపంచంలో అరుదైన విషయమేమీ కాదు. నార్కొండాం కింద రాయిని కరిగించే యంత్రాంగం ఇంకా తొలగిపోలేదు కాబట్టి, దాన్ని విలుప్తమని ముద్ర వేయకుండా నిద్రాణమనడమే సరైనది. బిలం అరిగిపోయి అడవి మొలిచినంత మాత్రాన ఈ నిర్ణయం మారదు.

ఈ రెండు దీవులే కాకుండా అండమాన్ సముద్రం అడుగున నీటి పైకి రాని అగ్నిపర్వత శిఖరాలు కూడా ఉన్నాయి. సోనార్ సర్వేల్లో నికోబార్ దీవుల సమీపాన బిలం ఉన్న సముద్రగర్భ పర్వతాలను భారత శాస్త్రవేత్తలు గుర్తించారు. అండమాన్ సముద్రపు నేల సుమారు 40 లక్షల ఏళ్లుగా నడిమిన చీలి విస్తరిస్తోంది, ఆ చీలిక వెంబడి కూడా లావా పుట్టుకొస్తోంది. భారతదేశానికి ఒకే ఒక్క క్రియాశీల అగ్నిపర్వతం ఉందన్న ప్రసిద్ధ వాక్యం నీటి పైన ఉన్న భూమికి సంబంధించినంతవరకు నిజం. నీటి అడుగున లెక్క ఇంకా పూర్తి కాలేదు.

బారాటాంగ్ విషయం త్వరగా తేల్చుకోవచ్చు. మధ్య అండమాన్‌కు దక్షిణాన ఉన్న ఆ దీవిలో బురద బుగ్గల్లా పైకి వచ్చి చిన్న గుట్టలు కట్టే చోట్లు ఉన్నాయి. 2004 భూకంపం తర్వాత వాటి చురుకుదనం పెరిగింది కూడా. లోపలి అవక్షేపాల్లో చిక్కుకున్న సహజ వాయువులు ఒత్తిడితో నీటినీ మట్టినీ పైకి తోసుకురావడమే దానికి కారణం. అక్కడ శిలాద్రవం లేదు, బురద కూడా సాధారణంగా చల్లగానే ఉంటుంది. పేరులో అగ్నిపర్వతం ఉన్నా దాన్ని ఈ పట్టికలోంచి తీసేయడమే న్యాయం.

పట్టికలో పేర్లు వెతికేవారిని ఆశ్చర్యపరచవలసిన సంగతి మరొకటి ఉంది. తూర్పున అండమాన్ దగ్గర దిగుతున్న భారత ఫలకమే ఉత్తరాన ఆసియా ఖండాన్ని ఢీకొని హిమాలయాలను లేపింది, అయినా హిమాలయాల్లో ఒక్క సజీవ అగ్నిపర్వతం కూడా లేదు. లద్దాఖ్‌లోని పూగా లోయలోనూ హిమాచల్‌లోని మణికరణ్‌లోనూ మరిగే నీటి ఊటలు ఉన్నాయే గానీ లావా లేదు. ఒకప్పుడు అక్కడ కూడా టెథిస్ అనే సముద్రపు నేల ఆసియా కిందికి దిగేది. ఆ కాలంలో పుట్టిన అగ్నిపర్వత దీవుల అవశేషాలు కార్గిల్ సమీపంలోని ద్రాస్ శిలల్లోనూ, వాటి అడుగున గడ్డకట్టిన శిలాద్రవం లద్దాఖ్ గ్రానైట్ పర్వతాల్లోనూ నేటికీ ఉన్నాయి. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఖండానికి ఖండం తగిలి సముద్రం మూసుకుపోయింది. తేలికైన ఖండపు శిల, సముద్రపు నేలలాగా లోతుకు దిగలేదు. నీటిని మోసుకెళ్లే సముద్రపు నేల అయిపోవడంతో కరిగించే యంత్రాంగం ఆగిపోయింది. కనుక ద్రాస్ శిలలను చూడటమంటే చల్లారిపోయిన ఒక అండమాన్‌ను చూడటమే. ఇవి నిజమైన అర్థంలో విలుప్తమైనవి, ఎందుకంటే వాటికి ఆధారమైన సముద్రమే లేదు.

దక్కన్ కథ దీనికి పూర్తిగా భిన్నమైనది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పశ్చిమ భారతదేశంలో భూమి పొడవైన చీలికలుగా పగిలి, వాటి గుండా బసాల్ట్ లావా వరదలా పొంగింది. ప్రవాహం మీద ప్రవాహం పేరుకుని, పశ్చిమ కనుమల్లో 2 కిలోమీటర్లకు పైబడిన మందం ఏర్పడింది. ఇప్పటికీ మిగిలిన విస్తీర్ణం సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. కోతకు గురైనదాన్నీ అరేబియా సముద్రం కిందికి పోయినదాన్నీ కలిపితే అది అప్పట్లో ఇంకెంతో ఎక్కువ. ఇందులో ఎక్కువ భాగం పది లక్షల ఏళ్లలోపే వెలువడిందని ఆధునిక కాలనిర్ణయాలు చెబుతున్నాయి. సరిగ్గా అదే కాలంలో మెక్సికోలోని చిక్షులుబ్ దగ్గర ఉల్క పడటం, డైనోసార్లు అంతరించడం జరిగాయి. ఆ వినాశనంలో దక్కన్ వాయువుల వాటా ఎంత, ఉల్క వాటా ఎంత అన్న చర్చ ఇంకా ముగియలేదు. 2019లో వెలువడిన రెండు ప్రధాన కాలనిర్ణయ అధ్యయనాలు లావా ఏయే విడతల్లో ఎంతెంత పొంగిందన్న విషయంలోనే ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు.

దక్కన్‌ను అగ్నిపర్వతం అనడంలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే అక్కడ ప్రధానంగా పర్వతమేదీ లేదు. నర్మదా, తపతీ లోయల వెంబడి కనిపించే నిలువు రాతి గోడలు ఒకప్పుడు లావా పైకి వచ్చిన చీలికల్లో గడ్డకట్టిన శేషాలు. మహాబలేశ్వరం దగ్గర మెట్లు మెట్లుగా కనిపించే కొండలు అగ్నిపర్వతాలు కావు. అవి లావా పీఠభూమిని వర్షాలూ నదులూ కోయగా మిగిలిన అంచులు. అజంతా, ఎల్లోరా గుహలను తొలిచింది ఈ ప్రవాహాల్లోనే. ధినోధర్ లాంటివి ఇందుకు మినహాయింపు. కచ్‌లోని ఆ కొండ దక్కన్ కాలపు లావా నాళంలో గడ్డకట్టిన శిల, చుట్టూ ఉన్న మెత్తని రాయి అరిగిపోగా నిలిచింది. కచ్ ప్రాంతపు ఇలాంటి కొండల బసాల్ట్‌లో మాంటిల్ నుంచి యథాతథంగా పైకి కొట్టుకొచ్చిన ఆకుపచ్చ రాతి ముక్కలు దొరుకుతాయి. భూవిజ్ఞానులకు అవి ఎంతో విలువైనవి, ఎందుకంటే అంత లోతుకు ఏ డ్రిల్లింగూ చేరలేదు.

తెలుగు నేలకు ఈ లావా వరదతో ఉన్న సంబంధం తగినంతగా ప్రచారంలోకి రాలేదు. ఆదిలాబాద్, భైంసా, నారాయణఖేడ్, జహీరాబాద్, వికారాబాద్ పరిసరాల్లో దక్కన్ బసాల్ట్ తన తూర్పు, ఆగ్నేయ అంచులను చేరుతుంది. అక్కడి నల్లరేగడి భూముల్లో అధిక భాగం ఆ రాయి శిథిలమై ఏర్పడ్డదే. అంతకంటే విశేషమైనది రాజమహేంద్రవరం దగ్గర ఉంది. గోదావరి తూర్పు గట్టున కాతేరు ప్రాంతంలోనూ, పడమటి గట్టున పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతంలోనూ రాతి క్వారీల్లో తవ్వే నల్లరాయి బసాల్టే. ప్రధాన దక్కన్ ప్రాంతపు అంచు నుంచి వందల కిలోమీటర్ల ఖాళీ తర్వాత, సముద్రతీరానికి చేరువలో ఈ లావా ఎలా వచ్చిందన్న ప్రశ్న చాలాకాలం ఉంది. స్థానికంగా భూమి చీలి పొంగి ఉండవచ్చునని ఒక వాదన. అయితే దీని రసాయన కూర్పు, అయస్కాంత లక్షణాలు, వయసు పశ్చిమ కనుమల్లోని అంబెనలి, మహాబలేశ్వర్ అనే నిర్దిష్ట ప్రవాహ శ్రేణులతో సరిపోయాయి. అందువల్ల పశ్చిమాన పొంగిన లావా ఆనాటి నదీ లోయలను పట్టుకుని సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరిందన్న వివరణ బలపడింది. అదే నిజమైతే భూమి మీద గుర్తించిన అత్యంత పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి ఉంటాయి. రెండు ప్రవాహాల నడుమ చిక్కుకున్న సున్నపురాతి పొరల్లో తీరప్రాంతపు ఉప్పునీటి జీవుల శిలాజాలు ఉన్నాయి, కనుక ఆ లావా సముద్రపు ఒడ్డుకే చేరిందని తెలుస్తుంది. చమురు కోసం కృష్ణా-గోదావరి బేసిన్‌లో తవ్విన బావుల్లోనూ ఈ ప్రవాహాలు తగిలాయి. క్వారీల తవ్వకం ఇలాగే సాగితే ఈ సాక్ష్యాలు కంకరగా మారిపోతాయి. కనీసం ఒకటి రెండు కోతలనైనా రక్షిత స్థలాలుగా ప్రకటించడం అవసరం.

దక్కన్‌ను కరిగించిన కారణం ఏమైంది? ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఆమోదించిన వివరణ ప్రకారం, మాంటిల్ లోతుల నుంచి లేచిన ఒక వేడి స్తంభం మీదుగా భారత ఫలకం ఉత్తర దిశగా జారింది. స్తంభం ఉన్న చోటే ఉంది, పైన ఫలకం కదిలిపోయింది, ఆ కదలిక గుర్తు సముద్రం అడుగున ఒక పొడవైన అగ్నిపర్వత శిఖరశ్రేణిగా మిగిలింది. 1987లో హిందూ మహాసముద్రంలో జరిపిన డ్రిల్లింగ్‌లో మాల్దీవుల దగ్గర సుమారు 5.7 కోట్ల ఏళ్లు, వాటికి దక్షిణాన ఉన్న చాగోస్ దీవుల దగ్గర సుమారు 4.9 కోట్ల ఏళ్ల వయసున్న బసాల్ట్ దొరికింది. దక్షిణానికి పోయేకొద్దీ వయసు తగ్గుతూ, మారిషస్ దాటి చివరికి రీయూనియన్ దీవిలో నేడు తరచుగా రగిలే పితోఁ ద లా ఫూర్నేజ్ వరకు గొలుసు చేరుతుంది. లక్షద్వీప్ దీవులు ఆ గొలుసులో ఉత్తరపు కొస మీద ఉన్నాయి. పైకి కనిపించేదంతా తెల్లటి పగడపు ఇసుకే అయినా, దాని పునాది మునిగిపోయిన అగ్నిపర్వత శిఖరశ్రేణి. శిఖరాలు చల్లబడి, బరువెక్కి, మెల్లగా కుంగుతుంటే పగడాలు అంతే నిదానంగా పైకి పెరుగుతూ వచ్చాయి. దక్కన్ అగ్నిపర్వతం చచ్చిపోయిందనడం కంటే, అది మనకు దూరమైందనడం సరైనది. దాని మూలం వేల కిలోమీటర్ల దూరంలో మరో దేశపు దీవి కింద పనిచేస్తూనే ఉంది. దక్కన్ తిరిగి రగులుతుందా అన్న ప్రశ్నకు సమాధానం కూడా ఇందులోనే దొరుకుతుంది. మహారాష్ట్రలోని కొయనా భూకంపాల అధ్యయనం కోసం తవ్విన బోరులో దాదాపు 930 మీటర్ల బసాల్ట్ దాటాక కనిపించింది పురాతనమైన చల్లని గ్రానైట్, కరిగిన రాయి కాదు.

అంతకంటే పాత అగ్నిపర్వత క్షేత్రాలన్నీ ఇదే పద్ధతిలో చదవగలిగినవే. కర్ణాటకలోని మల్పె తీరం దగ్గరి సెయింట్ మేరీస్ దీవుల్లో స్తంభాల్లా నిలిచిన శిలలు, సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట మడగాస్కర్ భారతదేశం నుంచి విడిపోతున్న కాలానివి. జార్ఖండ్‌లోని రాజమహల్ లావా సుమారు 11.7 కోట్ల ఏళ్ల నాటిది, దాన్ని దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గెలెన్ వేడి స్తంభంతో ముడిపెడతారు. కశ్మీర్‌లోని పంజాల్ ట్రాప్స్ వయసు సుమారు 29 కోట్ల ఏళ్లు. జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోట నిలిచిన గుట్ట, హర్యానాలోని తోషాం కొండ, రెండూ 75 కోట్ల ఏళ్లకు పైబడిన మలానీ అగ్నిశిలా క్షేత్రంలోనివే. వీటన్నింటినీ విలుప్త అగ్నిపర్వతాలనడం వాడుకలో ఉన్నా, వాటి పర్వతాలు ఎప్పుడో అరిగిపోయాయి, మిగిలినవి వాటి శిలలు. అనంతపురం జిల్లాలోని వజ్రకరూరు కింబర్లైట్ నాళాలు మరీ పాతవి, సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. 150 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి అతివేగంగా దూసుకొచ్చిన శిలాద్రవం తనతో వజ్రాలను మోసుకొచ్చింది. పైనుండవలసిన బిలాలు కోతకు పోయి, క్యారెట్ ఆకారపు వేళ్లు మాత్రమే భూమిలో ఉన్నాయి. మహారాష్ట్రలోని లోనార్ సరస్సును మాత్రం కొందరు ఇప్పటికీ అగ్నిపర్వత బిలంగా చెబుతుంటారు. దక్కన్ బసాల్ట్ మీద ఉల్క పడి ఏర్పడిన 1.8 కిలోమీటర్ల వెడల్పు గుంట అది. అలాంటి ఘాతంలో మాత్రమే పుట్టే గాజు రూపాలు అక్కడి శిలల్లో దొరికాయి.

ఇంతకీ ప్రమాదం ఎక్కడుంది? ప్రధాన భూభాగంలో లావా వల్ల భయపడవలసినది ఏమీ లేదు. కానీ అండమాన్ చాపం ఎంత దూరం తన ప్రభావం చూపగలదో చెప్పే సాక్ష్యం నంద్యాల జిల్లాలోని జ్వాలాపురంలో ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలోని తోబా మహావిస్ఫోటనం నుంచి వచ్చిన తెల్లటి బూడిద అక్కడి జుర్రేరు లోయలో మందమైన పొరగా నిలిచి ఉంది. దాని పైనా కిందా కూడా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరకడం వల్ల, ఆ విపత్తును ఈ నేల మీది మనుషులు ఎలా తట్టుకున్నారన్న చర్చకు ఆ స్థలం కేంద్రమైంది. బారెన్‌కు అలాంటి శక్తి ఉందనడానికి ఆధారం లేదు. దాని నుంచి వాస్తవంగా ఉన్న ముప్పులు రెండు. మొదటిది విమానాల ఇంజన్లను దెబ్బతీసే బూడిద. దాని మీద ఆస్ట్రేలియాలోని డార్విన్ బూడిద హెచ్చరిక కేంద్రం ఉపగ్రహాలతో నిఘా ఉంచి విమానాలకు సూచనలు ఇస్తుంది. రెండోది తక్కువగా చర్చకు వచ్చేది, పర్వతపు పక్క జారి సముద్రంలో పడటం.

2018 డిసెంబరు 22న ఇండొనేషియాలోని అనక్ క్రకటౌ దీవిలో ఒక పక్క కూలడంతో పుట్టిన సునామీ 400 మందికి పైగా ప్రాణాలు తీసింది. దానికి ముందు పెద్ద భూకంపమేదీ రాకపోవడంతో తీరవాసులకు హెచ్చరిక అందలేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం) నిర్వహిస్తున్న భారత సునామీ హెచ్చరిక వ్యవస్థ 2007 నుంచి పనిచేస్తోంది. అది కూడా ప్రధానంగా పెద్ద భూకంపం నమోదు కావడంతోనే కదిలే వ్యవస్థ. బారెన్ శంకువు కాల్డెరా గోడల మధ్యన కూర్చుని ఉంది కాబట్టి దాని పరిస్థితి అనక్ క్రకటౌ లాంటిదేనని చెప్పడానికి వీల్లేదు. కానీ 2 కిలోమీటర్లకు పైగా లోతు నుంచి లేచిన పర్వతపు వాలుల్లో అత్యధిక భాగం నీటి కిందే ఉంది. లావా పదే పదే పడమటి వైపుకే చేరుతుండడంతో ఆ పక్క బరువు పెరుగుతూ ఉంది, ఆ దిశలోనే మనుషులు నివసించే అండమాన్ దీవులు ఉన్నాయి. ఎవరూ నివసించని, దిగడం కష్టమైన ఆ దీవి గురించి ఈనాటి సమాచారం ఎక్కువగా ఉపగ్రహాల ఉష్ణ చిత్రాల నుంచి, అటుగా వెళ్లే నౌకల నుంచి, అప్పుడప్పుడు జరిగే శాస్త్రయాత్రల నుంచి వస్తోంది. వాలుల సముద్రగర్భ పటాలను నిర్ణీత విరామాల్లో మళ్లీ మళ్లీ తీసి పోల్చడం, వాయువులనూ చిన్న ప్రకంపనలనూ నిరంతరం కొలవడం, ఆ కొలతలను నేరుగా ఇన్‌కాయిస్‌కు చేర్చడం ఈ కొరతను చాలావరకు తీర్చగల పనులు.